రాజేయని పొయ్యి

మాత్రా కొండ మీద ఆ శీతాకాలం
మా టెలిస్కోపుకి శత్రువులు ముగ్గురు:
మబ్బు, నిండు చంద్రుడు,
బెర్తలాన్ చోర్బా పొయ్యి.

నవ్వులాటకి కాదు.
పొగగొట్టంలోంచి లేచిన వేడి
గోపురం పక్కనుంచి పోతే చాలు,
చుక్కలన్నీ మరిగే నీళ్లలో మిరియాలయ్యేవి.
అందుకే ఆకాశం తేటపడ్డ రాత్రి
డాక్టర్ ఎతెల్కా అతని గది కిటికీ దగ్గరికెళ్లి
అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టేది.
లోపల అగ్గిపెట్టె జేబులోకి పోయేది.

జీతం, పొయ్యి రాజేసినందుకు.
అసలు పని, రాజేయకపోవడం.
గొర్రెతోలు కోటులో మోకాళ్లు ముడుచుకుని,
చెయ్యి చాస్తే అందే ఎండుకట్టెల పక్కన
తెల్లారేదాకా.

ఆ నవంబరు రాత్రి పలకలు మార్చింది నేనే.
ఇరవై రెండేళ్లు నాకు, చేతితొడుగులకు చిల్లులు.
గంట తేడాతో రెండు గాజు పలకలు.
రెండోది కడుగుతుంటే జారి, అంచు విరిగింది.
తిట్టలేదావిడ. విరిగిన ముక్క ఏరి
జేబురుమాల్లో మూటకట్టి
"దాచుకో" అంది.

మర్నాడు రెంటినీ యంత్రంలో పెట్టి
ఒకదాని వెంట ఒకటి టకటకా మార్చి చూశాం.
వేల చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి.
ఒక్కటి మాత్రం
రెప్ప వేస్తే ఇక్కడ, రెప్ప తీస్తే అక్కడ.
విరిగిన అంచుకి వెంట్రుకవాసి ఇవతల.
ఇంకాస్త పెద్ద ముక్క ఊడి ఉంటే
నా జేబులోనే ఉండిపోయేది ఆ లోకం.

కుజుడికీ గురుడికీ మధ్య
ఎవరికీ పట్టని రాయి.
ముందు ఏడాదీ రెండక్షరాలూ ఇచ్చారు,
నాటకశాల గుమ్మంలో కోటుకి కట్టే చీటీలా.
తర్వాత మూడు వారాలు మబ్బు.
ఆ తర్వాత జాడ లేదు.

పన్నెండేళ్లు.
క్రిమియాలో ఎవరో, చిలీలో ఇంకెవరో
తెలియకుండానే దాన్ని పట్టుకున్నారు.
ముక్కలు ముక్కలుగా దొరికిన దారిని
ఎవరో గుమాస్తా ఓపిగ్గా అతికాడు.
నంబరొచ్చింది. పేరు పెట్టే హక్కు ఎతెల్కాది.

పదహారు అక్షరాలు దాటకూడదు.
పెంచుకున్న పిల్లి పేరు వద్దు.
సరుకు అమ్ముకునే పేరు వద్దు.
నాయకులూ సేనాపతులూ అయితే
పోయి నూరేళ్లు నిండాలి.
జిల్లా నుంచి ఓ పెద్దమనిషి ఫోన్ చేసి
ఒక మంత్రిగారి పేరు అక్షరం అక్షరం చెప్పాడు.
అంతా విని ఆవిడ అడిగింది:
"అయ్యో, ఆయన పోయి ఎన్నాళ్లయింది?"

ఆ సాయంత్రం నాచేత టైపు చేయించింది.
"చోర్బా. ఈ కొండ మీద ఇరవై మూడు శీతాకాలాలు
నిప్పు రాజేయకుండా కూర్చున్న మనిషి."
నా వేళ్లు ఆగాయి.
మా భాషలో చోర్బా అంటే
అంచు విరిగింది అని కూడా.
ఆవిడ నావైపు చూడలేదు.
"తెలుసు. కొట్టు" అంది.

చెప్పడానికి నేనే వెళ్లాను.
పింఛను తీసుకుని కింద ఊళ్లో ఉంటున్నాడు.
గదినిండా పొగ, పొయ్యి భగభగ,
మే నెలలో.
"రాయా?"
రాయే.
"కనిపిస్తుందా?"
కంటికి ఆనదు.
"వెచ్చగా ఉంటుందా?"
సున్నాకి వంద డిగ్రీలు కింద అన్నాను.
కాసేపు చేతులు కాచుకున్నాడు.
"అయితే నాకు పెట్టాల్సిందే" అని
ఇంకో కట్టె లోపలికి తోశాడు.

జేబురుమాల్లో ఆ గాజుముక్క
ఇంకా నా దగ్గరే ఉంది.
దీపానికెత్తి పడితే
మూలన ఒక చుక్క.
మొదటి పలకతో
ఇంతవరకూ సరిచూడలేదు.